పరాయి భాషల్లో నటించాలంటే ముందు సొంత యాస పోగొట్టుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

బహుభాషా నటీమణుల మీద తెలుగు పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటున్నాయి. ఎన్ని భాషల్లో చేసింది, ఎంత తీసుకుంటోంది, ఏ చిత్రోత్సవానికి ఏ చీర కట్టింది అన్నంతవరకే. ఆమె ఆ భాషను ఎట్లా పట్టుకుంది, ఏ వీసా మీద వెళ్లింది, ఒప్పందంలో ఏం రాయించుకుంది అన్నది ఎక్కడా ఉండదు. హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్‌లలో నటన మీద మనసుపడ్డ ఆడపిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ కావలసింది ఆ వివరమే. ఉచ్చారణ, డబ్బింగ్, ఒప్పంద పత్రాల పని దగ్గరి నుంచి తెలిసినవాళ్లం కాబట్టి రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది. వివరాలు తీసేస్తే పనికి రాకుండా పోతుంది గనుక కుదించకుండా వేయమని మనవి.

మా ప్రాంతం పిల్ల ఎవరైనా సినిమాల్లోకి పోతానంటే మొదట వినే సలహా ఒక్కటే: ముందు ఆ యాస మానుకో. ఈ సలహా తప్పు. మర్యాద కోసమో ఆత్మాభిమానం కోసమో అంటున్న మాట కాదిది. పని లెక్కలోనే తప్పు. వరంగల్ పల్లెలో ‘వత్తాన’ అంటారు. కరీంనగర్ వైపు వకారం జారిపోయి ‘అత్తాన’ అవుతుంది. హైదరాబాద్‌లో ‘వస్తున్న’, టీవీలో ‘వస్తున్నాను’. అమ్మమ్మతో ఒక తీరు, కాలేజీలో ఒక తీరు, మైకు ముందు మరో తీరు మాట్లాడగల పిల్లకు ఒక పలుకుబడి నుంచి మరో పలుకుబడికి మారే నేర్పు అప్పటికే ఉన్నట్టు. విదేశాల్లో డయలెక్ట్ కోచ్‌లు గంటల లెక్కన డబ్బు తీసుకుని నేర్పేది దీన్నే. యాసను సిగ్గుతో చంపుకున్న పిల్లకు ఆ మారే అలవాటు కూడా పోతుంది. ఒకే ‘శుద్ధమైన’ పలుకు మిగిలి, తర్వాత ఏ భాష నేర్చినా దాన్ని ఆ ఒక్క అచ్చులోనే పోస్తుంది.

చెవి విలువ వరంగల్‌కు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నేరెళ్ల వేణుమాధవ్ ఈ ఊరివారే. తెలుగు, హిందీ నటుల గొంతులే కాదు, ఇంగ్లీషు సినిమాల సంభాషణలూ శబ్దాలూ అచ్చుగుద్దినట్టు వినిపించిన మనిషి. హన్మకొండ పబ్లిక్ గార్డెన్స్‌లో ఆయన పేరిట కళా ప్రాంగణం ఉంది. ఆయన విద్యను మిమిక్రీ అని ఒక మూలన పెట్టేశాం గానీ, పరభాషా నటికి కావలసిన మొదటి పాఠం అందులోనే ఉంది. అర్థం కంటే ముందు శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినడం ఆ పాఠం.

ఈ ప్రాంతపు ఇళ్లలో ఎన్ని భాషలు తిరుగుతున్నాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి. బజారుకు పోతే ఉర్దూ, తండాలో లంబాడీ, ములుగు వైపు కోయ, ఆదిలాబాద్‌లో గోండీ, కొలామీ, మరాఠీ. భివండీకో షోలాపూర్‌కో నేతపనికి వెళ్లిన కుటుంబాల్లో మరాఠీ, గల్ఫ్‌కు పోయి వచ్చిన నాన్నల నోట హిందీ, అరబ్బీ, మలయాళం ముక్కలు. ఇవన్నీ పెట్టుబడే. కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి వెళ్లి మూకీల కాలం నుంచి హిందీ తెర మీద నిలబడి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దాకా వెళ్లారు. ఈ నేలకు పరభాషా తెర నిన్నమొన్నటి సంగతి కాదు.

ఇవాళ్టి నటీమణుల్లో వరంగల్ నుంచి వెళ్లిన ఆనంది తమిళంలో నిలదొక్కుకున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన టబు హిందీ, తెలుగు, తమిళం దాటి ఇంగ్లీషు చిత్రాలకూ, 2024లో అమెరికన్ సిరీస్‌కూ వెళ్లారు. తెనాలిలో పుట్టిన శోభితా ధూళిపాళ హిందీ, తెలుగు, మలయాళం, తమిళం తర్వాత 2024లో ఇంగ్లీషు చిత్రంలో కనిపించారు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన అవంతిక వందనపు ఎదురు దిక్కున నడిచారు. బాలనటిగా తెలుగులో చేసి, ఆ తర్వాత అమెరికన్ తెర మీద స్థిరపడ్డారు. ఒకరి దారి ఇంకొకరి దారిలా లేదు. అయినా ఒక విషయం మాత్రం అన్నిచోట్లా కనిపిస్తుంది. సొఫియా లోరెన్ ఆస్కార్ గెలిచింది ఇటాలియన్ పాత్రకు. మారియన్ కొటియార్ గెలిచింది ఫ్రెంచ్ పాత్రకు. ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లో, ఇంగ్లీషులో నటించిన జర్మన్ నటి డయానె క్రూగర్‌కు 2017లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది జర్మన్ సినిమాకే. పరాయి భాష పని తెచ్చిపెడుతుంది. పేరు తెచ్చే పాత్ర మాత్రం చాలాసార్లు పుట్టినింటి భాషలో దొరుకుతుంది.

పరాయి భాషలోనూ యాసతో, సొంత గొంతుతో నిలవడానికి మన దగ్గర మంచి ఉదాహరణ సాయిపల్లవి. నీలగిరుల ఆడపిల్ల, జార్జియాలో వైద్యం చదివింది, మలయాళంతో మొదలుపెట్టింది. 2017లో తెలుగులో తొలి సినిమా ‘ఫిదా’కే బాన్సువాడ పిల్ల పాత్ర, తెలంగాణ యాస, పైగా సొంత గొంతు. ఇంకొకరి చేత డబ్బింగ్ చెప్పించి ఉంటే ఆ పాత్ర సగమే మిగిలేది. అంతకు చాలా ముందే 1988 సంవత్సరపు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెలంగాణ గడీ (దొర కోటలాంటి ఇల్లు) కథ ‘దాసి’కి అర్చనకు వచ్చింది. అంతకు ముందటేడు అదే పురస్కారం ఆమెకు తమిళ చిత్రానికి వచ్చింది.

ఇక పని సంగతికి వద్దాం. తెలుగు నోటికి ఏ భాషలో ఏది సులువు, ఏది కష్టం అన్నది తెలియకుండా కోర్సులకు డబ్బు కట్టడం దండగ.

ముందు ఒక చిన్న పరీక్ష. సన్నని కాగితం ముక్కను పెదాల ముందు జానెడు కంటే దగ్గరగా పట్టుకుని తెలుగులో ‘పని’ అనండి. కాగితం కదలదు. ఇంగ్లీషువాళ్లు ‘పిన్’ అంటే కాగితం ఎగురుతుంది. పదం మొదట్లో వచ్చే ప, ట, క ల వెనుక వాళ్లు గాలి వదులుతారు, మనం వదలం. అదే కాగితం ముందు ఫ్రెంచ్ మనిషి, స్పానిష్ మనిషి ప అంటే మనలాగే కదలదు. వాళ్ల త కూడా మన త లాగే పంటి దగ్గర పుడుతుంది. అంటే ఈ శబ్దాల విషయంలో ఫ్రెంచ్, స్పానిష్ మనకు ఇంగ్లీషు కంటే దగ్గర. ఇంగ్లీషు ‘వచ్చేసిన’ పిల్ల ఫ్రెంచ్ మొదలుపెట్టినప్పుడు ఈ గాలిని వెంట తీసుకుపోతుంది, అక్కడ తప్పు పడుతుంది. ఆమె తిరిగి తెలుగు ప, త, క లకు రావాలి.

ఫ్రెంచ్‌లో ఇబ్బంది పెట్టేవి మూడు. ఒకటి, ‘ఈ’ అంటూ నాలుకను కదపకుండా పెదాలను మాత్రం ‘ఊ’కు తెచ్చినప్పుడు వచ్చే అచ్చు. అద్దం ముందు పెదాల మీద వేలు పెట్టుకుని సాధన చేస్తే వస్తుంది. రెండు, ముక్కుతో పలికే అచ్చులు. తెలుగువాళ్లం అచ్చు చివర ‘న్’ అని నాలుకను అంగిటికి తాకించి మూసేస్తాం. ఉర్దూలో ‘నహీఁ’, ‘హాఁ’ అన్నప్పుడు నాలుక తాకదు, అక్కడ ఆపాలి. మూడు, వాళ్ల ర. ఉర్దూ తెలిసినవాళ్లు ‘గజల్’ అనే మాటలో మొదటి శబ్దాన్ని గొంతు నుంచి ఒరిపిడిగా పలుకుతారు చూడండి, ఫ్రెంచ్ ర దానికి బాగా దగ్గర. ఉర్దూ వినిపించే వరంగల్ మండిబజార్‌లో పెరిగిన పిల్లకు ఇవి రెండూ వినికిడిలో ఉన్నవే. ఎవరూ అట్లా చూపించక కష్టమనుకుంటుంది.

ఇంగ్లీషులో జెడ్ అక్షరపు శబ్దం మీద చాలామంది తడబడతారు. ‘జూ’ అన్నా ‘జీరో’ అన్నా మనది ‘జిల్లా’లో పలికే తాలవ్య జ అయిపోతుంది. దీనికీ మందు ఇంట్లోనే ఉంది. ‘జామపండు’ అనేటప్పుడు మన నోట దంత్య జ పలుకుతుంది, నాలుక కొస పై పళ్ల వెనుక ఒక్క క్షణం తాకుతుంది. ఆ తాకడం మానేసి, అదే చోట సన్నగా గాలి జారనిస్తే కావలసిన శబ్దం వచ్చేస్తుంది. వ విషయంలో ఇంగ్లీషుకు రెండు శబ్దాలు, మనకు ఒక్కటి. ‘వెరీ’లో పై పళ్లు కింది పెదవిని గట్టిగా తాకాలి. ‘వెల్’లో పళ్లు అసలు తగలకూడదు, పెదాలు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా చుట్టుకుని విడాలి. ట, డ లకు నాలుకను వెనక్కి మడవకూడదు, పళ్ల వెనుక గట్టు మీదే ఆగాలి. పదం చివర హల్లును ‘బస్సు’, ‘బుక్కు’ అని ఉకారంతో ముగించే అలవాటు ఏడుపు సీన్లలో తప్పకుండా తిరిగొస్తుంది.

శబ్దాల కంటే పెద్ద చిక్కు ఊనిక. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని బరువు దానికి ఉంటుంది. ఇంగ్లీషులో మాటకు ఒకచోటే బరువు పడుతుంది, మిగతా అచ్చులు నలిగి సగం ‘అ’ అయిపోతాయి. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రఫీ’లో రెండోదాని మీద, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడోదాని మీద బరువు. తెలుగు లిపిలో రాసుకుంటే ఇది కనిపించదు. అందుకే స్క్రిప్టులో బరువు పడే అక్షరం కింద గీత గీసుకోవాలి, నలిగే అచ్చును కొట్టేయాలి, చప్పట్లతో చదవాలి. జపనీస్‌కు మాత్రం ఈ బాధ లేదు. పొట్టి అచ్చుకూ పొడుగు అచ్చుకూ, ఒంటి హల్లుకూ ద్విత్తానికీ తేడా అక్కడా ప్రాణమే. ‘గడి’, ‘గడ్డి’ తేడా తెలిసినవాళ్లకు అది సహజం. క్రియ చివర రావడం కూడా మనలాగే. జపనీస్, కొరియన్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, అరబ్బీ భాషలకు హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో కోర్సులున్నాయి. ఫ్రెంచ్‌కు అలయన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కు గోథె కేంద్రం కూడా అక్కడే ఉన్నాయి. స్థాయిలు ఏ1 (మొదటి మెట్టు) నుంచి సీ2 (పై మెట్టు) దాకా ఉంటాయి. నటికి పాత్ర కోసం సీ2 అవసరం లేదు. బీ1 దాకా వస్తే సెట్లో దర్శకుడు చెప్పేది అర్థమవుతుంది, మార్చిన డైలాగు పట్టుకోగలదు.

భాష రాకుండా డైలాగు కంఠస్థం చేసి నటించడం తప్పేమీ కాదు. మలేసియాలో పెరిగిన మిషెల్ యో 2000లో వచ్చిన పెద్ద మాండరిన్ చిత్రానికి అట్లాగే శబ్దాన్ని బట్టి నేర్చుకుని చేశారు. అయితే దానికో పద్ధతి ఉంది. ఒక్కో డైలాగుకు నాలుగు వరుసలు రాసుకోవాలి: మూల లిపిలో ఒకటి, వినిపించినట్టు తెలుగు లిపిలో ఒకటి, మాటకు మాట అర్థం ఒకటి, మొత్తం భావం ఒకటి. మూడో వరుస బద్ధకించి వదిలేస్తారు, అక్కడే దెబ్బ తగులుతుంది. తమిళంలో ‘నాన్ నాళైక్కు వరమాట్టేన్’ అంటే నేను రేపు రాను. రానన్న సంగతి చివరి ‘మాట్టేన్’లో ఉంది. అది తెలియని పిల్ల ‘నాళైక్కు’ మీద ఊదరగొడుతుంది, సీను అర్థమే మారిపోతుంది. తెలుగు లిపిలో రాసేటప్పుడు అక్షరాన్ని కాదు, శబ్దాన్ని రాయాలి. తమిళ లిపిలో క, గ ఒకే అక్షరం, చూసి రాస్తే తప్పే. ఎదుటి పాత్ర డైలాగులు కూడా నేర్చుకోవాలి. లేకపోతే తన వంతు ఎప్పుడొస్తుందో తెలియక కళ్లు వెతుకుతుంటాయి, కెమెరాకు ఆ వెతుకులాట దొరికిపోతుంది. కంఠస్థం అయిందని తెలిసేది కూర్చుని అప్పజెప్పినప్పుడు కాదు, రొట్టెలు చేస్తూ రెండింతల వేగంతో తడబడకుండా అనగలిగినప్పుడు.

ఒక పాత్రకు ఒక కొత్త పలుకుబడి పట్టుకోవడానికి రోజుకు గంట చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోవాలి. పాత్ర వయసుకూ ఊరికీ చదువుకూ సరిపోయే ఒక మనిషి మాటల రికార్డింగ్ రెండు మూడు నిమిషాలది ఎంచుకుని దాన్నే వినాలి. పది మందిని వింటే పది ముక్కల కలగాపులగం తయారవుతుంది. సినిమాల నుంచి నేర్చిన ‘అమెరికన్’ ఏ ఊరిదీ కాదు, అక్కడివాళ్లు రెండో వాక్యంలో పట్టేస్తారు. మొదటి వారమంతా ఆ మనిషి దవడ ఎంత తెరుస్తాడు, నాలుక ఎక్కడ ఆనించి ఉంచుతాడు అన్నదే చూడాలి. మాటల జాబితా తర్వాత, డైలాగు ఆఖరున. పలుకు జారిపోయేది కోపంలో, నవ్వులో, ఏడుపులో, అంకెలు చెప్పేటప్పుడు. కాబట్టి రిహార్సల్ పూర్తి ఆవేశంతో చేయాలి. మెల్లగా చెప్పి సరిపోయిందనుకుంటే సెట్లో పరువు పోతుంది.

తెలుగు సెట్టు అలవాటు ఒకటి బయట దెబ్బతీస్తుంది. మన దగ్గర ఎక్కువ సినిమాలకు గొంతు తర్వాత డబ్బింగ్‌లో పడుతుంది. అందుకని టేక్ నడుస్తుండగా అసిస్టెంట్ డైరెక్టర్ పక్కనుంచి డైలాగు అందిస్తూ ప్రాంప్టింగ్ ఇస్తాడు, భాష రాని హీరోయిన్ పెదాలు కదిపి వెళ్తుంది. సెట్లో పడిన పైలట్ ట్రాక్ ఎట్లా ఉన్నా ఎవరికీ పట్టదు. విదేశాల్లోనూ, ఇప్పుడు చాలా వెబ్ సిరీస్‌లలోనూ సింక్ సౌండ్. సెట్లో పలికిందే తెర మీద ఉంటుంది. ప్రాంప్టింగ్ ఇస్తే ఆ గొంతూ రికార్డవుతుంది. గాజులు, పట్టీలు, గంజి పెట్టిన చీర కూడా మైకులో పడతాయి. ప్రాంప్టింగ్ లేకుండా రెండు పేజీల సీను ఒకే టేక్‌లో చెప్పే అలవాటు ఇక్కడి నాటకాల రిహార్సళ్లలోనే రావాలి. డబ్బింగ్ కూడా నేర్చుకోవలసిందే, దాని విద్య వేరు. ప, బ, మ ల దగ్గర పెదాలు మూసుకుంటాయి. తెలుగు డైలాగులో ఆ అక్షరాలు అదే క్షణంలో పడేట్టు మాట ఎంచుకోవాలి. పెదాల మూత కలిస్తే మిగతాది కన్ను క్షమిస్తుంది.

ఆడిషన్ ఇప్పుడు ఇంటి నుంచే సెల్ఫ్ టేప్, అంటే మనమే తీసి పంపే వీడియో. ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో ఉండాలి, ఛాతీ నుంచి పైకి ఫ్రేమ్, వెనుక ఒకే రంగు గోడ. వెలుతురు ముందు నుంచి రావాలి, నెత్తి మీది ట్యూబ్‌లైట్ కళ్ల కింద గుంటలు చేస్తుంది. ఫ్యాను, కూలర్ ఆపాలి. గది మోగుతుంటే ఫోన్ వెనుక రెండు దుప్పట్లు వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది. ఎదుటి డైలాగు చదివే మనిషి లెన్స్ పక్కనే నిలబడి మనకంటే మెల్లగా చదవాలి. పేరు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పే పరిచయ ముక్క వేరే ఫైలుగా ఉండాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, లింకుగా పంపాలి. వాళ్లు ‘మీ సొంత పలుకులో చెప్పండి’ అని అడిగితే అట్లాగే చెప్పాలి, అరువు పలుకు పెట్టకూడదు. రాని భాష వచ్చని రాయకూడదు. రెండో రౌండులో వీడియో కాల్‌లో ఆ భాషలోనే పలకరిస్తారు.

కాగితాల దగ్గర మనవాళ్లకు మొదటి దెబ్బ పేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకులో మరో తీరు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. మొత్తం పేరు ఒకే గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద సొంత పేరు చోట ‘తెలియదు’ అని సూచించే మూడక్షరాల సంకేతం పడుతుంది. అక్కడి బ్యాంకు ఖాతా, పే చెక్కు, యూనియన్ కార్డు అన్నిటికీ అది తగులుకుంటుంది. అందుకని మొదటి పాస్‌పోర్టుకే పొడి అక్షరాలు విప్పి రెండు గడులూ నింపుకోవాలి. సినిమా పేరు వేరుగా ఉంటే ఒప్పందం పాస్‌పోర్టు పేరుతో రాసి, ‘తెర పేరు ఫలానా’ అని పక్కన చేర్చాలి. అమెరికా వీసా దరఖాస్తులో వాడిన ఇతర పేర్లు అడిగే చోట తెర పేరు తప్పనిసరిగా రాయాలి. పోస్టర్ మీద ఒక పేరు, దరఖాస్తులో మరో పేరు ఉండి, రెంటినీ కలిపే కాగితం లేకపోతే చేసిన సినిమాలు ఆమెవే అని రుజువు చేయడం కష్టం.

వీసాల్లో ముఖ్యమైనవి చెప్తాం. అమెరికాలో నటించడానికి ఓ-1బి, అంటే ప్రత్యేక ప్రతిభ ఉన్న కళాకారుల వీసా. దీన్ని నటి స్వయంగా పెట్టుకోలేదు, అక్కడి నిర్మాతో ఏజెంటో ఐ-129 పిటిషన్ వేయాలి. సినిమా, టీవీ పనికైతే నటుల యూనియన్ నుంచి ఒకటి, నిర్మాతల పక్షం నుంచి ఒకటి, రెండు అభిప్రాయ లేఖలు జతచేయాలి. మొదట మూడేళ్ల వరకు ఇస్తారు, తర్వాత ఒక్కో ఏడాది పొడిగింపు. పని తేదీకి ఏడాది కంటే ముందు వేయడానికి వీల్లేదు. పేరున్న చిత్రాల్లో ముఖ్య పాత్రలు, పత్రికల్లో సమీక్షలు, నిపుణుల లేఖలు, ఎక్కువ పారితోషికం వంటి ఆరు రకాల ఆధారాల్లో కనీసం మూడు చూపాలి. బ్రిటన్‌లో క్రియేటివ్ వర్కర్ వీసా, లైసెన్సున్న స్పాన్సర్ ఇచ్చే సర్టిఫికెట్ మీద పన్నెండు నెలల వరకు. స్పాన్సర్ బాధ్యత తీసుకోకపోతే ఖాతాలో 1,270 పౌండ్లు వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. మన నిర్మాత డబ్బుతో తీసే తెలుగు సినిమా పాటకు లండన్ వెళ్లడం వేరు, అక్కడి నిర్మాతకు పనిచేయడం వేరు. మొదటిదానికి విజిటర్ వీసాలో వెసులుబాటు ఉంది, రెండోదానికి లేదు. ‘ముందు టూరిస్టుగా రా, తర్వాత చూసుకుందాం’ అన్న మేనేజర్ మాట నమ్మితే విమానాశ్రయంలోనే తిప్పి పంపుతారు. ఆ తిరస్కరణను ఆ తర్వాత పెట్టే ప్రతి దరఖాస్తులో చెప్పుకోవాల్సి వస్తుంది.

ఒప్పందంలో పారితోషికం అంకె ఒక్కటే చూసి సంతకం చేస్తారు. దానికంటే ముందు చూడవలసినవి ఉన్నాయి. డబ్బు ఏ కరెన్సీలో, బ్యాంకు ఛార్జీలు ఎవరివి. డేట్లు ఎన్నాళ్లు కట్టేసి ఉంచుతారు, ఆ కట్టేసిన రోజులకు డబ్బుందా. బత్తా, బస, ఆరోగ్య బీమా ఎవరు భరిస్తారు. ఏ భాషల్లో ఆమె గొంతే వాడతారు, ఇంకొకరి చేత చెప్పించే ముందు అడుగుతారా. దేహం కనిపించే సన్నివేశాలకు వేరే కాగితం ఉండాలి, ఏది చూపుతారో ఏది చూపరో మాటల్లో రాసి ఉండాలి. కృత్రిమ మేధతో ముఖాన్నీ గొంతునూ నకలు చేసే హక్కు ఒక చిన్న వాక్యంలో దాక్కుని ఉంటుంది. ఏ పాత్రకు, ఎన్నిసార్లు, ఎంత డబ్బుకు అని రాయకుండా ఆ హక్కు ఇవ్వకూడదు. 2023లో అమెరికా నటుల యూనియన్ 118 రోజులు సమ్మె చేసిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. ఆ యూనియన్ పద్ధతిలో రెండు పనిదినాల మధ్య పన్నెండు గంటల విశ్రాంతి ఉంటుంది, అది మన ఒప్పందాల్లోనూ అడగదగ్గదే. లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 ప్రకారం పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దాని ఫోన్ నంబరు కాల్షీట్ (రోజువారీ షూటింగ్ వివరాల కాగితం) మీద వేయమని అడగడం నటి హక్కు. చిన్న యూనిట్లకు కలెక్టర్ పరిధిలో జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది.

పన్నుల గురించి క్లుప్తంగా. నటులు ఏ దేశంలో పనిచేస్తే ఆ దేశం పన్ను వేస్తుంది, అక్కడ వారం రోజులే ఉన్నా సరే. స్వతంత్ర కళాకారిణిగా చెల్లించినప్పుడు అమెరికాలో సాధారణంగా 30 శాతం, బ్రిటన్‌లో 20 శాతం ముందే కోస్తారు. ఆ కోత పత్రం తెచ్చుకుంటే ఇక్కడి రిటర్నులో తగ్గింపు దొరుకుతుంది, తెచ్చుకోకపోతే రెండుచోట్లా కట్టినట్టే. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉన్నారా లేదా అన్నది పాస్‌పోర్టు ముద్రలతో లెక్క పెట్టుకోవాలి.

సంపాదకులను అడగదలచినవి రెండున్నాయి.

మొదటిది చిన్న ప్రకటనల సంగతి. ‘హీరోయిన్లు కావలెను, విదేశాల్లో షూటింగ్, రిజిస్ట్రేషన్ ఫీజు’ అన్న ప్రకటనలు జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. నిజమైన ఏజెంటు సంపాదనలోంచి కమీషన్ తీసుకుంటాడు, అమెరికాలో యూనియన్ ఏజెంట్లకు అది పది శాతం. పాత్ర ఇవ్వకముందే డబ్బడిగేవాడు ఏజెంటు కాడు. పోర్ట్‌ఫోలియో ఫలానా స్టూడియోలోనే తీయించుకోవాలన్నా, పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టమన్నా అక్కడితో ఆపేయాలి. నిర్మాణ సంస్థ పేరు, చిరునామా, సినిమా రిజిస్ట్రేషన్ వివరం లేని ఇట్లాంటి ప్రకటన తీసుకోవద్దని మనవి.

రెండోది మీ పాత సంచికల సంగతి. వీసా కోసం చూపే ఆధారాల్లో తెలుగు పత్రికా సమీక్షలూ పనికొస్తాయి. ప్రతి కటింగ్‌కూ పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడు తాను రెండు భాషలూ తెలిసినవాణ్ననీ అనువాదం సరైనదనీ సంతకం చేసిన కాగితం జతచేయాలి. దానికి పత్రిక పేరు, తేదీ, పేజీ, రాసినవారి పేరు కనిపించాలి. జిల్లా ఎడిషన్‌లో కాళోజీ కళాక్షేత్రంలో జరిగిన నాటకం మీద వచ్చిన సమీక్షకు రాసినవారి పేరుండదు, కొన్నాళ్లకు ఈ-పేపర్‌లో ఆ పేజీయే దొరకదు. ఇంట్లో దాచుకున్న కటింగ్ మీద తేదీ కత్తిరించి ఉంటుంది. కళల సమీక్షలకు విలేఖరి పేరు వేయండి, జిల్లా పేజీల పాత సంచికలను వెతుక్కోగలిగేట్టు ఉంచండి, అడిగినవారికి తేదీతో ధ్రువీకరించిన ప్రతి నామమాత్రపు రుసుముకు ఇచ్చే ఏర్పాటు వరంగల్ యూనిట్ ఆఫీసులో చేయండి.

ఇట్లు,
ఉచ్చారణ, డబ్బింగ్ శిక్షకులు కొందరు,
హన్మకొండ